తప్పు మాస్టారు చెప్పిన తప్పు

తప్పు మాస్టారిని మీరేమన్నా అనవచ్చు. ఆయన బట్టతలలో మొహం చూసుకుని దువ్వుకోవచ్చు. చొక్కా బొత్తాలు ఒకటి కిందికీ ఒకటి పైకీ పెట్టుకున్నారని నవ్వవచ్చు. పాఠం చెబుతుంటే ఎదురుగా కూర్చుని గురక కూడా పెట్టవచ్చు. ఆయన ఏమీ అనుకోరు. కానీ వెనిగర్‌ను తయారుచేసే బాక్టీరియా గురించి ఆయన చెవిన పడేంత దూరంలో ఒక్క పొల్లు మాట అన్నారో, మీ పని అయిపోయినట్టే. ఒంటికాలి మీద లేచి, చూపుడువేలు పైకెత్తి, "తప్పు!" అంటారు. అంతటితో ఊరుకుంటే బాగానే ఉండేది. ఆ తర్వాత ఒప్పేమిటో చెబుతారు. ఒప్పు చాలా పొడుగ్గా ఉంటుంది.

కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పి రిటైరైన మనిషి. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండాలి గానీ అదేమిటో భార్య కూడా కాస్త ఆలోచించి చెప్పాలి. పోస్టుమాన్‌తో సహా అందరికీ ఆయన తప్పు మాస్టారే.

ఏ దేశంలో ఏ ఊరికి వెళ్ళినా ఇలాంటి మనిషి ఒకడు తగులుతాడు. ఒకచోట గడియారాల మనిషి, ఒకచోట గబ్బిలాల మనిషి. ఓడరేవుల్లో అయితే తాడు ముళ్ళ మనిషి. ఎవరో ముడి తప్పు వేశారని అన్నం మానేసే ముసలి నావికులు ఇప్పటికీ ఉన్నారు. పైకి వేరువేరుగా కనిపిస్తారు గానీ వీళ్ళంతా ఒకే కులాసా పిచ్చివాళ్ళు. లోకం ఎలా తగలడినా ఒక్క సంగతి మాత్రం సరిగ్గా ఉండాలంటారు. వాళ్ళతో కాపురం చేసేవాళ్ళకు తప్ప మిగతా అందరికీ ముచ్చటగానే ఉంటుంది.

ఈ మాస్టారి పిచ్చిని దగ్గర నుంచి చూసినవాళ్ళలో భార్య తర్వాత మరదలే. అక్క పెళ్ళినాటికి ఆమె చిన్నపిల్ల. బావ మొదటిసారి అత్తవారింటికి వచ్చినప్పుడు, "బావా, క్రిములంటే భయం లేదా?" అని ముద్దుగా అడిగింది. "తప్పు! క్రిములు కాదు. మా వాళ్ళు," అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. అది మొదలు మాస్టారి ఇంట్లో ఆ బాక్టీరియాను 'అవి' అనడానికి వీల్లేదు. 'వాళ్ళు' అనాలి. కుక్క కూడా వాళ్ళను పెంచే జాడీల దగ్గర తోక ఊపకూడదు.

ఒకసారి మాస్టారి స్నేహితుడు మరదలితో సహా అందరినీ ఇంటికి భోజనానికి పిలిచి, ఎంతోకాలంగా దాచుకున్న ద్రాక్షసారా సీసా తెరిచాడు. వాసన చూసి మొహం మాడ్చుకున్నాడు.

"అయ్యో, పాడైపోయిందండీ. పారబోసి వస్తాను."

"తప్పు! పాడవలేదు. ఉద్యోగం మారింది."

చేతిలో ముద్దలు చేతిలోనే ఆగిపోయాయి. మరదలు కంచంలోకి చూస్తూ కూర్చుంది. ఇక ఇప్పట్లో పైకి చూడనక్కర్లేదని ఆమెకు తెలుసు.

"బిరడా వదులైంది, గాలి దూరింది. గాలి ఉన్నచోట మా వాళ్ళుంటారు. సారాయిని ఆమ్లం చేసేశారు. ఎలా చేశారనుకున్నారు? మింగారా? లేదు! వాళ్ళది గుమ్మంలో వ్యాపారం. పనిముట్లన్నీ ఒంటి పైపొరకే తగిలించుకుని ఉంటారు. ఆల్కహాల్ వచ్చి తగలగానే అక్కడికక్కడే పని కానిచ్చి, సరుకు బయటికే తోసేస్తారు. లోపలికి రానివ్వరు."

"నేను చందాలవాళ్ళను పంపించేసినట్టు," అంది స్నేహితుడి భార్య.

"ఒప్పు!" అన్నారు మాస్టారు, కళ్ళు మెరుస్తుండగా. ఆయన నోట ఆ మాట విన్న మనిషి ఆవిడొక్కతే. మాస్టారు ఆ సీసాను చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నారు. మళ్ళీ ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు.

మరోసారి మాస్టారికి జ్వరం వస్తే మరదలే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఏదో బాక్టీరియా అంటుకుంది, అంతే," అన్నాడు డాక్టరు.

"తప్పు! ఏదో ఏమిటండీ? మీ ఇంట్లో దొంగ పడితే 'ఎవరో మనిషి' అని ఊరంతటినీ జైల్లో వేయిస్తారా? మా వాళ్ళు ఒక్కరికి ఒక్క తుమ్ము తెప్పించారని రుజువు చూపించండి!"

డాక్టరు ఆయన నోట్లో థర్మామీటరు పెట్టాడు. అవసరానికి మించి చాలాసేపు తీయలేదు.

ఇక ఇంట్లో సంగతి. వంటింటి గట్టు మీద వరసగా గాజు జాడీలు, పైన గుడ్డ మూతలు. జాడీలో ద్రవం మీద మీగడలా మందపాటి పొర. దాన్ని తల్లి అంటారు. వాళ్ళకు గాలి లేకపోతే క్షణం గడవదు. గాలేమో పైన, తిండేమో కింద. అందుకని దూదిలో ఉండే పదార్థంతోనే చాప నేసుకుని, దాని మీద తేలుతూ రెండింటినీ అందుకుంటారు. చాప కదిలిందా మునుగుతుంది. మునిగిందా ఊపిరాడదు. కాబట్టి ఆ ఇంట్లో తలుపులు దభాలున వేయకూడదు. పప్పులు దంచాలంటే పెరట్లోకి వెళ్ళాలి. భార్యకు తుమ్ము వస్తే ముక్కు పట్టుకుని వీధిలోకి పరిగెత్తుతుంది.

"మెల్లిగా నడవవోయ్! తల్లి అదురుతుంది."

"మీ తల్లా, మా తల్లా?"

"వెనిగర్ తల్లి."

"మన ఇద్దరి తల్లులూ ఈ మర్యాద చూడకుండానే పోయారు!" అనేది ఆవిడ.

ఇలా నడుస్తున్న ఇంట్లోకి మరదలు పెట్టె పట్టుకుని వచ్చి పడింది. దానికి కారణం ఒక్క మాట.

ఆమె రేడియోలో వార్తలు చదివేది. మొహం ఎవరికీ తెలియదు గానీ గొంతు ఊరంతటికీ తెలుసు. కూరల దుకాణంలో "అరకిలో ఇవ్వు" అంటే చాలు, పక్కవాళ్ళు ముఖ్యాంశాల కోసం తల తిప్పేవాళ్ళు. ఒక ఉదయం మాజీ మేయరు మరణవార్త చదవాలి. కాగితం మీద 'కన్నుమూశారు' అని గుండ్రటి అక్షరాల్లో ఉంది. ఆమె కళ్ళు అదే చూశాయి. నోరు మాత్రం, "మాజీ మేయరు ఈ తెల్లవారుజామున తన నివాసంలో కన్నుకొట్టారు," అంది. ఆ ఊపులోనే, "ఆ సమయంలో కుటుంబసభ్యులంతా పక్కనే ఉన్నారు," అని తర్వాతి వాక్యం కూడా చదివేసింది. అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే అది ముక్కులోంచి వచ్చింది. వాతావరణం రావలసిన చోట శ్రోతలు హఠాత్తుగా సంగీతం విన్నారు.

మేయరు కుటుంబం నిజానికి ఏమీ అనుకోలేదు. ఆయన జీవితమంతా ఆ పనిలోనే ఉన్నారని వాళ్ళకు బాగా తెలుసు. కానీ ఊరు ఊరుకుంటుందా? రొట్టెల దుకాణం వాడు రొట్టె ఇస్తూ కన్నుకొట్టాడు. బస్సు కండక్టరు టికెట్టు ఇస్తూ కన్నుకొట్టాడు. స్టేషన్ డైరెక్టరు మంచివాడు, పిలిచి ఓదార్చబోయాడు. ఆయనకు ఎడమకన్ను అదిరే జబ్బు ఉందని ఆ క్షణంలో ఆమెకు గుర్తు రాలేదు. ఏడ్చుకుంటూ వచ్చేసింది.

అక్క ఇంటి వెనకగదిలో చేరి తలుపు వేసుకుంది. కిటికీ మూసి, పరదా లాగి, పరదాకు పిన్నీసులు కూడా పెట్టింది. వార్తలు చదివిన గొంతులో "ఊ", "ఊహూ" మాత్రం మిగిలాయి. డైరెక్టరు నెలాఖరు దాకా సెలవిచ్చాడు. ఆలోగా రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టక తప్పదని, బాధపడుతూనే చెప్పాడు.

అక్క బతిమాలింది, తిట్టింది, ఏడ్చింది. బావ మాత్రం ఏమీ అనలేదు. మరదలికి అదే వింతగా తోచి, ఒకరోజు తలుపు సందులోంచి అడిగేసింది.

"బావా, ఎవరు నోరు విప్పినా తప్పు తప్పని మీద పడతారు కదా. నన్నొక్క మాటా అనలేదేం?"

"మేయర్లు నా సబ్జెక్టు కాదు," అన్నారు మాస్టారు.

మర్నాడు గోడకవతల మొగుడూ పెళ్ళాల మాటలు వినిపించాయి.

"పోనీలెండి, ఉద్యోగం పోతే పోయింది. ఇంకొన్నాళ్ళు అలా విశ్రాంతిగా ఉండనివ్వండి."

"తప్పు! మా వాళ్ళను చూడు. ఆల్కహాల్ అయిపోయిందనుకో, పని లేదు కదా అని పడుకోరు. అప్పటిదాకా చేసిన ఆమ్లాన్నే తినడం మొదలుపెడతారు. కొన్నాళ్ళకు జాడీలో ఉత్త నీళ్ళు మిగులుతాయి."

"నా చెల్లెలి సంగతి మాట్లాడుతుంటే మధ్యలో మీ జాడీ ఏమిటండీ!"

"నేనూ దాని సంగతే మాట్లాడుతున్నాను," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రమే వెనకగది తలుపు మీద మోచేత్తో కొట్టిన చప్పుడైంది.

"అమ్మాయ్, తలుపు తియ్యి. చేతిలో బరువుంది."

"ఊహూ."

"నీకోసం కాదు. వీళ్ళకోసం."

తలుపు కాస్త తెరుచుకుంది. మాస్టారు జాడీని పసిపిల్లలా కావలించుకుని లోపలికి వచ్చి బల్ల మీద దించారు.

"వంటింట్లోంచి మీ అక్క వెళ్ళగొట్టింది. ఇక్కడ తప్ప చోటు లేదు."

"పెట్టి వెళ్ళండి."

"పెడితే చాలదు. ఈ గదిలో గాలి కుళ్ళిపోయింది. కిటికీ తీసి ఉంచాలి." ఆయనే పిన్నీసులు పీకి, పరదా జరిపి, కిటికీ తోశారు. వెలుతురు మీద పడితే ఆమె మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాస్టారు వెళ్ళబోయి ఆగారు. చొక్కా బొత్తాం ఒకటి తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "ఇంకొకటి. వీళ్ళకు రోజూ ఎవరైనా గట్టిగా ఏదైనా చదివి వినిపించాలి."

"ఎందుకు?"

"శబ్దానికి పొర కంపిస్తుంది. కంపిస్తే... గాలి కిందికి దిగుతుంది. కింద ఉన్నవాళ్ళకు కూడా కాస్త ఊపిరందుతుంది."

"తలుపు గట్టిగా వేస్తేనే చస్తారన్నారుగా?"

"తలుపు వేరు, గొంతు వేరు," అన్నారు మాస్టారు కిటికీ వైపు చూస్తూ. "ఇదిగో, పేపరుంది."

"నేను చదవను బావా."

"సరే. చస్తే చస్తారు."

ఆయన పాలు విరిగాయన్నంత తేలిగ్గా ఆ మాట అనేసి వెళ్ళిపోయారు. మరదలు జాడీ వంక చూసింది. ఒక్క చావు విషయంలోనే ఊళ్ళో తలెత్తుకోలేకుండా ఉంది. ఇప్పుడు జాడీడు ప్రాణాలు తన మీద పడితే? పేపరు తీసి గొణిగింది.

"అది గుసగుస!" హాల్లోంచి కేక. "గుసగుసకు గాలి దిగదు!"

గొంతు పెంచింది. మర్నాడు ఇంకాస్త. ఆ పైన రోజూ పొద్దున కాఫీ తాగగానే జాడీ ఎదుట కుర్చీ వేసుకుని, పొర వంక చూస్తూ, నదుల నీటిమట్టాలూ మంత్రుల పర్యటనలూ చదవసాగింది. ఆటల వార్తలు వచ్చేసరికి పాత గొంతు దానంతటదే లేచి కూర్చుంది. ఒక్క చివరి పేజీ మాత్రం మడిచి పక్కన పెట్టేది. అది మాస్టారి చెవులు గమనించాయి.

"చివరి పేజీ ఏమైంది?"

"అందులో... పోయినవాళ్ళ వార్తలుంటాయి."

"అయితే?"

"నవ్వుతారు."

"ఎవరు, మా వాళ్ళా? వాళ్ళకు కన్నే లేదే! మూయడానికీ లేదు, కొట్టడానికీ లేదు."

మరదలు నోరు నొక్కుకుంది. లాభం లేకపోయింది. ఆ నవ్వు ముక్కులోంచీ నోట్లోంచీ ఒకేసారి వచ్చింది. కుర్చీ పట్టుకుని, కడుపు పట్టుకుని, వచ్చి చూసిన అక్క భుజం పట్టుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుని చివరి పేజీ విప్పింది. అందులో ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరూ పద్ధతిగా కన్నుమూశారు.

ఆ కిటికీ వెనక సందులోకి ఉంటుంది. ఎదురుగా దర్జీ కొట్టు, పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ బల్ల. మొదట దర్జీ మిషను ఆపాడు. తర్వాత ఇస్త్రీ ఆవిడ పెట్టె నిలబెట్టింది. ఒకరోజు మరదలు చదవడం ముగించి పేపరు మడుస్తుంటే సందులోంచి అరుపు వినిపించింది.

"ఏమ్మా, వాన సంగతి చెప్పకుండా లేస్తావేం? తడిబట్టలు ఆరెయ్యనా, వద్దా?"

మరదలు బిక్కచచ్చిపోయి కిటికీలోంచి చూసింది. ఇస్త్రీ ఆవిడ కన్నుకొట్టలేదు. ఆవిడకు తీరిక లేదు. చేతిలో తడి దుప్పటి ఉంది.

"మధ్యాహ్నం నుంచి జల్లులు పడే అవకాశం ఉంది," అంది మరదలు.

"అవకాశమేమిటి, పడుతుందా పడదా?"

"పడుతుంది."

"అలా చెప్పు!"

వాన పడలేదు. ఇస్త్రీ ఆవిడ మర్నాడు నిలదీసింది. మరదలు కిటికీలోంచి క్షమాపణ చెప్పింది. మళ్ళీ చదివింది.

నెలాఖరు దగ్గర పడుతుండగా మాస్టారి పాత శిష్యురాలు చూడడానికి వచ్చింది. వెనిగర్ ఫ్యాక్టరీలో పెద్ద ఉద్యోగం ఆమెది. పలకరిద్దామని వెనకగదిలోకి తొంగి చూస్తే, ఓ మనిషి జాడీకి పార్లమెంటు వార్తలు చదువుతోంది.

"ఏమండీ, ఏం చేస్తున్నారు?"

"ఊపిరందిస్తున్నాను. శబ్దానికి పొర కంపించి గాలి దిగుతుంది కదా."

శిష్యురాలు తలుపు పట్టుకుని నవ్వింది. "ఎవరో మిమ్మల్ని ఆటపట్టించారు! శబ్దానికీ వాళ్ళకూ ఏ సంబంధమూ లేదు. కదిలితే మునుగుతారు కూడాను. కిటికీ కూడా అక్కర్లేదు, గదిలో గాలి వాళ్ళకు బోలెడు. ఈ మాట మాస్టారు వింటే, అన్నవాళ్ళ తాట తీస్తారు!"

"మాస్టారే అన్నారు," అంది మరదలు.

శిష్యురాలి నవ్వు సగంలో ఆగింది. సరిగ్గా అప్పుడే మాస్టారు కాఫీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చారు.

"మాస్టారూ, శబ్దానికీ వాళ్ళకూ సంబంధం లేదు కదా? పరీక్షలో 'జాడీని కాస్త కదిపితే మంచిది' అని రాశానని కాగితం చిరిగేలా కొట్టేసి, తరగతి బయట నిలబెట్టారు కదా మీరు?"

మాస్టారు శిష్యురాలి వంక చూశారు. ఆ పిల్ల చెప్పినది అక్షరాలా ఒప్పు. మరదలి వంక చూశారు. ఆమె చేతిలో పేపరు ఆగిపోయి ఉంది. మొహంలో రంగు పోతోంది. ఇంకొక్క మాట, కిటికీ మూసుకుపోతుంది. మాస్టారి బట్టతల మీద చెమట పట్టింది. చూపుడువేలు పైకి లేచింది గానీ ఎప్పటిలా నిటారుగా నిలబడలేదు, కాస్త వంగింది.

"తప్పు," అన్నారు. హోంవర్కు మేక తిన్నదని చెప్పే పిల్లవాడి గొంతు అది. "ఇప్పుడు కొత్త పరిశోధన వచ్చింది."

"ఎక్కడ మాస్టారూ?"

"ఇక్కడే."

"ఎవరు చేశారు?"

"చేస్తున్నారు. ఇంకా పూర్తి కాలేదు. మధ్యలో నోరు పెట్టకూడదు."

శిష్యురాలు జాడీని చూసింది, పేపరును చూసింది, తెరిచిన కిటికీని చూసింది. సందులోంచి ఇస్త్రీ ఆవిడ, "ఏమ్మా, మధ్యలో ఆపేశావేం?" అంటోంది. ఎంతైనా ఆయన దగ్గర చదువుకున్న పిల్ల.

"నాదే తప్పు మాస్టారూ. ఈమధ్య పుస్తకాలు ముట్టుకోవడం లేదు," అంది. వెళ్తూ వెళ్తూ జాడీ మీదికి వంగి, "ఉంటానండీ!" అని గట్టిగా చెప్పి మరీ వెళ్ళింది.

మాస్టారు కూడా జారుకున్నారు. మరదలు ఆ కుర్చీలో చాలాసేపు కూర్చుంది. బావ తప్పు చెప్పారు. మేయర్ల గురించి కాదు, వాళ్ళ గురించి. నోరు జారి కాదు, తెలిసి తెలిసి. అదీ సొంత శిష్యురాలి ఎదుట. తాను ఒక మేయరు చేత కన్నుకొట్టించింది, అంతే కదా! దీని ముందు అదెంత? ఇంత పెద్ద తప్పు చెప్పిన మనిషి అవతల ఏం చేస్తున్నారా అని తొంగి చూసింది. బిస్కెట్టు కాఫీలో ముంచుకుని తింటున్నారు.

ఆమె హాల్లోకి వెళ్ళి డైరెక్టరుకు ఫోను చేసింది.

మర్నాడు పొద్దున ఆమె చెప్పులు వేసుకుంటుంటే అక్క గొడుగు తెచ్చి ఇచ్చింది. మాస్టారు జాడీని చంకనెత్తుకుని గుమ్మం దాకా వచ్చారు. మొహంలో సంతోషం కనిపించకుండా పెదాలు బిగించి నిలబడ్డారు. చెప్పిన అబద్ధాన్ని చివరిదాకా కాపాడుకోవాలి కదా. అలవాటు లేని పనేమో, కాస్త ఎక్కువే చేశారు.

"నువ్వు వెళ్తున్నావు, బాగానే ఉంది. వీళ్ళకిక ఎవరు చదువుతారు?"

మరదలు ఆయన వంక చూసింది, జాడీ వంక చూసింది. నవ్వలేదు.

"రేడియో పెట్టండి బావా," అంది.

మాస్టారు చూపుడువేలు లేచింది. కాసేపు గాలిలో ఆగింది. ఆ వేలితోనే తల గోక్కుంటూ, రేడియో ఎక్కడుందో భార్యను అడగడానికి ఆయన లోపలికి వెళ్ళారు.